హుద్‌హుద్‌లో మా ఉప్పునీటి ట్యాంకు: ఆరు రోజులు, ఒక స్టీలు చెంబు

ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం ఉంది, కరెంటు రోజుల తరబడి పోతే చేపలు బతకాలంటే ఎంత పెద్ద ఇన్వర్టర్ కొనాలి అని అడిగారు. ఇన్వర్టర్ సంగతి తర్వాత చెప్తాను. ముందు 2014 అక్టోబరులో మా ఇంట్లో ఏం జరిగిందో వినండి.

మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. ట్యాంకు పొడవు 4 అడుగులు. రాళ్లూ ఇసుకా పోను 200 లీటర్ల నీళ్లు పట్టేవి. అందులో క్లౌన్ ఫిష్ జంట, అవి దాక్కునే ఎనిమొనీ (పువ్వులా కనిపించే సముద్రజీవి), డామ్సెల్స్ అనే చిన్న చేపలు నాలుగు, ఒక క్లీనర్ రొయ్య, బ్లూ ట్యాంగ్ అనే పెద్దగా పెరిగే చేప ఒకటి. అంత చిన్న ట్యాంకులో ట్యాంగ్‌ని పెట్టకూడదు. తెలుసు. తెలిసే పెట్టాను.

హుద్‌హుద్ తుపాను వస్తోందని టీవీలో ముందు నుంచీ చెబుతూనే ఉన్నారు. నేనూ సిద్ధంగానే ఉన్నాననుకున్నాను. ఇన్వర్టర్ ఉంది, 20 లీటర్ల క్యాన్లు మూడు నింపి పెట్టాను. ఆ క్యాన్లలో ఉన్నవి తాగే నీళ్లు కావు, ట్యాంకు కోసం ఉప్పు కలిపిన నీళ్లు. ఆ విషయం ఇంట్లో మూడో రోజు బయటపడింది. దాని గురించి ఎక్కువ చెప్పను.

12వ తేదీ, ఆదివారం. తెల్లవారకముందే కరెంటు పోయింది. మధ్యాహ్నం అయ్యేసరికి గాలి కాదది, ఎవరో తలుపులు బాదుతున్నట్టుంది. మధ్యలో కాసేపు అంతా నిశ్శబ్దం. హమ్మయ్య, వెళ్లిపోయిందనుకుని బాల్కనీ తలుపు తీశాను. ఈసారి అటువైపు నుంచి మొదలైంది. హాలు కిటికీ అద్దం పగిలి సోఫా నిండా పడింది. ట్యాంకుకి ఒక అడుగు ఇవతలే.

బ్యాటరీ పెట్టిన కొట్టువాడు ఎనిమిది గంటలు గ్యారంటీ అన్నాడు. ఫ్యాన్లూ లైట్లూ ట్యాంకు పంపులూ కలిపి మూడున్నర గంటలకే కీచుమని అరిచి ఆగిపోయింది. తర్వాత వెళ్లి అడిగితే, "లోడు ఎక్కువైంది సార్, తుపాను కదా" అన్నాడు. బ్యాటరీకి తుపానుతో ఏం సంబంధమో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

పంపులు ఆగిన రెండు మూడు గంటలకు టార్చి వేసి చూశాను. చేపలన్నీ పైకి వచ్చి నీటి అంచున నోళ్లు తెరుస్తున్నాయి. అప్పుడు మా బాబాయి గుర్తొచ్చాడు. భీమవరం పక్కన రొయ్యల చెరువులు చేసేవాడు. చిన్నప్పుడు సెలవులకు వెళితే, రాత్రి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల చప్పుడు ఆగిందంటే చాలు, నిద్రలోంచి లేచి లుంగీ ఎగ్గట్టుకుని జనరేటర్ దగ్గరికి పరుగెత్తేవాడు. "తెల్లారుజామున నీళ్లలో గాలి అడుగంటిపోద్దిరా, అప్పటిదాకా ఆగితే గట్టెంట రొయ్యలు ఏరుకోవడమే" అనేవాడు. మనం ఇంట్లో పెట్టుకున్నదీ ఆ చెరువే, గాజుది. పైగా ఉప్పునీటికి గాలి పట్టుకునే శక్తి తక్కువ. 25 డిగ్రీల దగ్గర మంచినీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ కరిగితే, ఉప్పునీటిలో 7 కూడా కరగదు. నీళ్లు వేడెక్కే కొద్దీ అదీ తగ్గుతుంది. ఆకలితో చేప అంత తొందరగా చావదు, ఊపిరాడక చస్తుంది.

గాలి పంపు నడపడానికి ఏమీ లేదు. ఇక మిగిలింది చెయ్యి. నీళ్లు ముంచి, అడుగు ఎత్తు నుంచి ధారగా పోస్తే పైపొర చెదిరి గాలి కలుస్తుంది. అమ్మ పూజగదిలోంచి రాగి చెంబు తెచ్చింది. "రాగి అయితే మంచిదిరా, ఆరోగ్యం" అంది. నేను అరిచిన అరుపుకి పక్క ఫ్లాటువాళ్లు తలుపు తీశారు. ఉప్పునీటి ట్యాంకులో రాగి అంటే రొయ్యకీ ఎనిమొనీకీ విషం. చివరికి స్టీలు చెంబు కుదిరింది. బాత్రూం మగ్గు మాత్రం వద్దు, సబ్బు ఉంటుంది.

అరగంటకోసారి వంద చెంబులు. నేనూ, మా ఆవిడా, అమ్మా వంతులు వేసుకున్నాం. తెల్లవారుజాము వంతు అమ్మే పట్టుబట్టి తీసుకుంది. కొవ్వొత్తి పక్కన స్టూలు వేసుకుని అష్టోత్తరం చదువుతూ నామానికో చెంబు పోసేది. నూట ఎనిమిది అయ్యాక కాసేపు ఆగి, మళ్లీ మొదటి నుంచి. రెండో రోజుకి ట్యాంకు చుట్టూ గచ్చు మీద ఉప్పు తెల్లగా పేరుకుంది. మా ముగ్గురి చేతుల మీద చర్మం పగిలింది. కింద వీధిలో జనం వాటర్ ట్యాంకర్ కోసం బిందెలు పట్టుకుని నిలబడ్డారు. పై ఫ్లాట్ అంకుల్ లోపలికి తొంగి చూసి, "మనుషులకి గుక్కెడు నీళ్లు లేవు, చేపలకి అభిషేకమా!" అన్నారు. ఏమంటాను? ఆయన అన్నదాంట్లో తప్పులేదు.

ఆరు రోజులూ మేత ఒక్క పలుకు కూడా వెయ్యలేదు. మేత వేస్తే వ్యర్థాలు, వ్యర్థాల నుంచి అమోనియా అనే విషం. దాన్ని తినే బాక్టీరియా అప్పటికే గాలి లేక సగం చచ్చి ఉంటుంది. అమ్మకి ఇది నచ్చలేదు. "కార్తీకం ఇంకా రానేలేదు, వీటికి ఉపవాసాలేమిటి?" అని రోజూ అడిగేది.

ఇక నేను చేసిన వెధవ పని. మూడో రోజు అపార్ట్‌మెంట్ వాళ్లు ఎక్కడో డీజిల్ సంపాదించి, నీళ్ల మోటారు కోసం అరగంట జనరేటర్ వేశారు. వాచ్‌మన్‌ని బతిమాలి మెట్ల దగ్గర నుంచి వైరు లాగాను. ఆ సంతోషంలో ముందు క్యానిస్టర్ ఫిల్టర్ ప్లగ్గు పెట్టాను. నీళ్లని శుభ్రం చేసే, మూత బిగించి ఉండే డబ్బా అది. మూడు రోజులుగా అందులో నీళ్లు కదలక, లోపలున్న బాక్టీరియా చచ్చి కుళ్లిపోయింది. పైపులోంచి నల్లటి నీళ్లు ఒక్క ఉదుటున ట్యాంకులో పడ్డాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన. ప్లగ్గు పీకేలోపే పడాల్సినంతా పడిపోయింది. గంటలో బ్లూ ట్యాంగ్ పక్కకి ఒరిగింది. రాత్రికి రెండు డామ్సెల్స్ పోయాయి. మర్నాడు ఎనిమొనీ ముడుచుకుని జిగురులా కరగడం మొదలుపెట్టింది. కరిగే ఎనిమొనీని ఉంచితే మిగతా వాటినీ తీసుకుపోతుంది కాబట్టి, కళ్లు మూసుకుని గరిటెతో తీసి పారేశాను. దాచిన 60 లీటర్లు ఆ రోజు అక్కరకొచ్చాయి. పాత నీళ్లు అంత తోడేసి అవి పోశాను.

అందుకే చెప్తున్నాను, కరెంటు పోయిన గంటలోపే క్యానిస్టర్ మూత తీసి, లోపలి స్పాంజీలూ రాళ్లూ ట్యాంకులో వేసెయ్యండి. కరెంటు వచ్చాక డబ్బా కడగకుండా మాత్రం తిప్పకండి. సముద్రం పక్కనే ఉందిగా, నీళ్లు తెచ్చుకోవచ్చుగా అని చాలామంది అన్నారు. ఆ రోజుల్లో ఒడ్డున ఉన్నది సముద్రం కాదు, బురదా మురుగూ కలిసిన వాన నీళ్లు.

అన్నట్టు, అమెరికా వాళ్ల సలహాలు చదివి ట్యాంకుకి దుప్పటి చుట్టకండి. వాళ్లకి మంచు తుపాన్లు, చలి భయం. మనకి వేడి భయం. ట్యాంకు మూత తీసేసి కిటికీలు తెరిస్తే చాలు. పగడాల గురించి కూడా నన్ను అడగొద్దు. రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులి ఉన్న చోటే. అయినా కొందరు కొట్లవాళ్లు వెనక గదిలోకి పిలిచి చూపిస్తారు. కొనేవాళ్లుంటే అమ్మరా మరి!

ఇక మీ ఇన్వర్టర్. పెద్దది కొన్నా, ఖాళీగా ఉన్నా అది తన కోసం కొంత కరెంటు తింటూనే ఉంటుంది. 5 వాట్ల గాలి పంపు కోసం ఇన్వర్టర్ నడపడమంటే పెళ్లికొడుకు కంటే తోడుపెళ్లికొడుకు ఎక్కువ తినడమే. నేనిప్పుడు 12 వోల్టుల డీసీ గాలి పంపుని 150 ఏహెచ్ (ఆంపియర్ గంటల) బ్యాటరీకి నేరుగా తగిలించాను. అర ఆంపియర్ లాగుతుంది. సగం బ్యాటరీ వాడినా ఆరు రోజులు. పక్కన టార్చి సెల్స్‌తో నడిచే పంపు ఒకటి, విడి సెల్స్ ఒక డజను. కానీ నిజం చెప్పాలంటే, ట్యాంగ్ లేకపోయి, ఆ ఫిల్టర్ నేను తిప్పకుండా ఉండి ఉంటే ఆ చెంబుతోనే అన్నీ బతికేవని నా నమ్మకం. ఎవరు కాదన్నా వినను. చేపలు కిక్కిరిసిన ట్యాంకుని ఏ బ్యాటరీ కాపాడలేదు.

ఆరో రోజు రాత్రి కరెంటు వచ్చింది. కాలనీ మొత్తం ఒక్కసారి కేకలు వేసింది. క్లౌన్ ఫిష్ రెండూ, రెండు డామ్సెల్స్, రొయ్య మిగిలాయి. ఆ క్లౌన్ జంటలో ఆడది పోయినేడాది వయసు మీదపడి పోయింది. జంటలో ఆడది పోతే మగదే ఆడదిగా మారే జాతి అది. ఇప్పుడు మాది అదే పనిలో ఉంది. దానికో మొగుణ్ణి చూడమని అమ్మ రోజూ పోరుతోంది.