పొందూరు ఖద్దరుకి పత్తిని చేప దవడతో దువ్వుతారన్నది నిజమేనా?

నిజమే. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఈ పని ఇప్పటికీ చేతులతోనే జరుగుతోంది. వాలుగ చేప దవడ ఎముకకి సన్నటి పళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. గింజ ఇంకా తీయని పత్తిని పిడికెడంత పట్టుకుని దానితో దువ్వుతారు. నలుసులు, ఆకు ముక్కలు రాలిపోయి పీచు తిన్నగా సర్దుకుంటుంది. ఇనుప దువ్వెనైతే పీచు తెగుతుంది. గింజ తీయడం ఆ తర్వాతే. తీశాక దూదిని ఏకి, ఏకులు (వడకడానికి సన్నగా చుట్టిన దూది) చేసి, వాటిని ఎండిన అరటి పట్టలో పెట్టుకుని రాట్నం మీద వడుకుతారు.

పొందూరు నూలు అంత సన్నగా రావడానికి మూలం ఇక్కడే. కౌంట్ అంటే నూలు సన్నదనానికి కొలత; 100 కౌంట్ నూలంటే కిలో విప్పితే దాదాపు 169 కిలోమీటర్లు వస్తుంది! ఈ పోగుకి వాడేది కొండపత్తి. ఎర్రపత్తి అని ఇంకోటి ఉంది, దానికి పుట్టుకతోనే లేత రంగు ఉంటుంది కాబట్టి అద్దకం అక్కర్లేదు. అప్పట్లో గాంధీగారు ఇక్కడి పని చూసి రమ్మని కొడుకు దేవదాస్‌ని పంపారు.

వడికేవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లే, అదీ పెద్ద వయసువాళ్లు. నేతగాళ్లు దొరికినా నూలు దొరకదు, అసలు టెన్షన్ అదే. రోజంతా వడికినా చేతికొచ్చే కూలి చూస్తే పిల్లలు ఈ పనిలోకి ఎందుకొస్తారు? కొనేటప్పుడు మాత్రం చేతి వడుకు నూలేనా అని గట్టిగా అడగండి. మిల్లు నూలుతో నేసిన చేనేత బట్ట వేరు, ఖద్దరు వేరు.