స్పానిష్ వ్యాకరణానికి ఇంగ్లీషు మీదుగా పోవద్దు

ఈ ఎండాకాలం కడపలో అమ్మ దగ్గర నెలన్నర ఉన్నాను. వచ్చిన నాలుగో రోజే ఎదురింటి అమ్మాయి నోట్‌బుక్ పట్టుకొని మిద్దె మీదికి వచ్చింది. "అత్తా, సెప్టెంబరులో స్పెయిన్ పోతాండా. మాస్టర్స్‌లో అడ్వాన్స్‌డ్ గ్రామర్ అని ఒక పేపర్ ఉంది. సిలబస్ చూస్తేనే జ్వరం వస్తాంది. వాళ్ళ భాషకు వ్యాకరణం, వాళ్ళ పిల్లోళ్ళ పక్కన కూర్చొని నేనెట్ల రాయల్ల?" అంది.

ఏటా ఇద్దరు ముగ్గురు తెలుగు పిల్లలు నన్ను ఇదే మాట అడుగుతారు. అందరికీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పింది ఒకచోట రాద్దామని కూర్చున్నాను. నేను వలెన్సియాకు వెళ్ళి పద్దెనిమిదేళ్ళయింది. అక్కడే హిస్పానిక్ స్టడీస్ చదివి, ఇప్పుడు అనువాదాలు చేసుకుంటున్నాను. మొదటి ఏడాది నేను చేసిన పెద్ద తప్పు ఒక్కటే: స్పానిష్‌ని ఇంగ్లీషు లోంచి చూడటం.

అది తప్పని నాకు తెలిసింది ఒక కప్పు వల్ల. రూమ్మేట్ కప్పు కడుగుతుంటే జారి పగిలింది. కంగారులో "ర్రోంపీ లా తాథా" అన్నాను. 'కప్పు పగలగొట్టాను' అని. తప్పు వాక్యం కాదు. కానీ ఆ పిల్ల నవ్వి, "పగలగొట్టావా? సె తె ఆ ర్రోతో" అంది. నీ చేతిలో పగిలిపోయింది, అంతే కదా అని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అమ్మ అయినా అంతే కదా అనేది! చేతిలోంచి గ్లాసు జారితే 'పడిపోయింది' అంటాం. కోపంతో విసిరికొడితేనే 'పగలగొట్టాడు' అంటాం. తెలుగులో పుట్టి పెరిగిన నేను, ఇంగ్లీషులో నేర్చుకున్న 'నేను పగలగొట్టాను'ని స్పానిష్‌లోకి మోసుకుపోయాను. తరగతిలో ఈ 'సె' మీద మూడు వారాలు పాఠం చెప్తారు. మనం చిన్నప్పటి నుంచి చేస్తున్న పనే అది.

ఇట్లాంటివి ఇంకా ఉన్నాయి. 'మె గుస్తా' దగ్గర ఇంగ్లీషు వాళ్ళు తంటాలు పడతారు. మనకు అది 'నాకు నచ్చుతుంది', 'నాకు తల నొస్తుంది' తీరే. 'సబీయా', 'సూపె' రెండూ ఒకే క్రియ భూతకాలాలు. తేడా ఏమిటని ఇంగ్లీషు పుస్తకం అరపేజీ వివరిస్తుంది. మొదటిది 'నాకు అప్పటికే తెలుసు', రెండోది 'అప్పుడు తెలిసింది'. అంతే. 'ఇబా' అంటే 'వెళ్ళేవాణ్ణి', 'ఫూయి' అంటే 'వెళ్ళాను'. 'ఆయన టీచరు' అనడానికి మనకు క్రియే అక్కర్లేదు, 'ఆయన ఇంట్లో ఉన్నాడు' అనడానికి కావాలి. స్పానిష్‌లో 'ఉండటానికి' సెర్, ఎస్తార్ అని రెండు క్రియలున్నాయి, వాటి విషయంలో సగం పని ఇక్కడే అయిపోతుంది. మిగిలిన సగం మాత్రం కష్టపడాల్సిందే. 'మీటింగ్ మూడో గదిలో ఉంది' అన్నచోట స్పానిష్‌లో సెర్ పడుతుంది, ఎందుకంటే మీటింగ్ అక్కడ ఉండదు, జరుగుతుంది.

ఇక అసలు భయం, సబ్‌జంక్టివ్ అనే క్రియారూపం. మామూలు రూపాన్ని ఇండికేటివ్ అంటారు. "అనుమానం ఉంటే సబ్‌జంక్టివ్, నిజమైతే ఇండికేటివ్" అని కోచింగుల్లో బట్టీ పట్టించి పంపుతారు. భాషా పరీక్షల్లో బి2 స్థాయి దాకా ఆ సూత్రం బండి లాగుతుంది, యూనివర్సిటీ గేటు దగ్గర చతికిలబడుతుంది. 'మె అలేగ్రా కె ఆయాస్ బెనీదో' అంటే 'నువ్వు వచ్చినందుకు సంతోషం'. నువ్వు వచ్చావు, ఎదురుగా కూర్చున్నావు, ఇందులో అనుమానమేముంది? అయినా అక్కడ సబ్‌జంక్టివే. ప్రొఫెసర్లు చెప్పే వివరణ వేరు: ఇండికేటివ్‌తో మనం ఒక సంగతిని ప్రకటిస్తాం, సబ్‌జంక్టివ్‌లో ప్రకటించం, ఊరికే ప్రస్తావిస్తాం.

దీన్ని మిద్దె మీద ఎదురింటి అమ్మాయికి ఎట్లా చెప్పానంటే, నీ తెలుగు వాక్యంలో క్రియను చూడు. 'వచ్చాడు', 'వస్తాడు' అని నిటారుగా నిలబడిందా, లేక 'రాకముందు', 'వచ్చేలా', 'రాకుండా' అని పక్క మాట మీదికి ఒరిగిందా? నిలబడితే చాలాసార్లు ఇండికేటివ్. ఒరిగితే చాలాసార్లు సబ్‌జంక్టివ్.

ఆ పాప నమ్మలేదు. ఇద్దరం నోట్‌బుక్‌లో రాసి చూశాం. 'వచ్చాడు కాబట్టి' నిలబడింది: 'పోర్కె బీనో', ఇండికేటివ్. 'వస్తాడని తెలుసు' నిలబడింది: 'సె కె బియెనె', ఇండికేటివ్. 'రాకముందు' ఒరిగింది: 'ఆంతెస్ దె కె బెంగా', సబ్‌జంక్టివ్, ఎప్పుడూ. 'వచ్చేలా' ఒరిగింది: 'పారా కె బెంగా'. 'రాకుండా' ఒరిగింది: 'సిన్ కె బెంగా'. 'రావాలని నా కోరిక' ఒరిగింది: 'కియెరో కె బెంగా'. పాప కళ్ళు పెద్దవయ్యాయి.

అన్నిటికంటే నాకిష్టమైనది 'దెథీర్', అంటే చెప్పడం. 'దీథె కె బియెనెస్', 'దీథె కె బెంగాస్'. రెండిటికీ తేడా చివరి క్రియారూపం ఒక్కటే. ఇంగ్లీషులో ఈ రెంటికీ రెండు వేరే నిర్మాణాలు వెతుక్కోవాలి. మనకు? 'నువ్వు వస్తున్నావంటున్నాడు', 'నిన్ను రమ్మంటున్నాడు'. ఆ 'రమ్మని' ఉన్నచోట కళ్ళు మూసుకొని సబ్‌జంక్టివ్ పెట్టండి.

ఈ కొలబద్ద ఎక్కడ విరుగుతుందో కూడా చెప్పాలి, లేకపోతే పరీక్షలో నన్ను తిట్టుకుంటారు. 'వస్తే' ఒరిగిన క్రియే, కానీ 'సి బియెనె' ఇండికేటివ్. ఈ 'సి' పక్కన వర్తమాన సబ్‌జంక్టివ్ పెడితే పరీక్ష దిద్దే ఆయనకు కడుపులో తిప్పుతుంది. 'వచ్చి ఉంటే' దగ్గర మాత్రం మళ్ళీ సబ్‌జంక్టివ్ వస్తుంది, 'సి ఉబియేరా బెనీదో'. 'వస్తాడని అనుకోవట్లేదు'లో 'వస్తాడు' నిలబడే ఉంది, స్పానిష్ మాత్రం ఆ 'కాదు'ని చూసి సబ్‌జంక్టివ్‌లోకి దిగుతుంది. 'వచ్చినప్పుడు' అనేది రోజూ జరిగేదైతే ఇండికేటివ్, ఇకముందు జరగబోయేదైతే సబ్‌జంక్టివ్, తెలుగు రెంటికీ ఒకే మాట వాడుతుంది. అన్నిటికంటే ప్రమాదం 'వచ్చిన', 'ఉన్న' లాంటివి. నేను తన్నులు తిన్నది అక్కడే.

మొదటి సెమిస్టర్ పరీక్షలో రెండు వాక్యాలు ఇచ్చారు: 'బుస్కో ఉన్ పీసో కె తియెనె బాల్కోన్', 'బుస్కో ఉన్ పీసో కె తెంగా బాల్కోన్'. బాల్కనీ ఉన్న ఫ్లాట్ కోసం వెతుకుతున్నాను. వీటి గురించి రాయమన్నారు. నేను "మొదటిది తప్పు, రెండోది ఒప్పు" అని రాసి, బట్టీ పట్టిన సూత్రాలు పేజీన్నర దింపాను. పదికి నాలుగు వచ్చాయి. అక్కడ ఐదు వస్తేనే పాస్. రెండూ ఒప్పే. మొదటి మనిషికి ఆ ఫ్లాట్ తెలుసు, అడ్రస్ మర్చిపోయి వెతుక్కుంటున్నాడు. రెండో మనిషికి బాల్కనీ ఉన్న ఏ ఫ్లాటయినా చాలు, అసలు అట్లాంటిది దొరుకుతుందో లేదో కూడా తెలీదు. తెలుగులో మనం 'బాల్కనీ ఉండే ఫ్లాట్ ఏదైనా' అని ఆ 'ఏదైనా'తో చెప్పేది వాళ్ళు క్రియలో చెప్తారు.

అందుకని అడ్వాన్స్‌డ్ గ్రామర్ అంటే ఇంకా కష్టమైన సూత్రాలు అనుకోకండి. ఒప్పు తప్పులు దిద్దే పేపర్ కాదది. ఎందుకు ఒప్పు, మార్చితే అర్థం ఎటు పోతుంది అని వాదించే పేపర్. మన దగ్గర టెన్త్‌లో కర్త, కర్మ, క్రియ గుర్తించి వదిలేస్తాం. అక్కడ పేరాగ్రాఫంత వాక్యాన్ని ఉపవాక్యాలుగా విప్పి, ఏది దేనికి వేలాడుతుందో గీసి చూపాలి. తోటి స్పానిష్ పిల్లలు ఇవి స్కూల్లోనే చేసి వస్తారు, వేగంగా గీస్తారు. కానీ 'ఎందుకు సబ్‌జంక్టివ్?' అని అడిగితే "అట్లా అంటే వినడానికి బాగుంటుంది" అనేవాళ్ళే ఎక్కువ. వాళ్ళకు చెవి ఉంది, మనకు కారణం ఉంది. మొదటి నెలలోనే అట్లాంటి ఒకరితో జత కట్టండి.

చెవి లేనివాళ్ళు చేయాల్సిన పనికి మన ఊళ్ళోనే పాత ఉదాహరణ ఉంది. ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ లైబ్రరీ ముందు నుంచి ఎన్నిసార్లు పోయుంటాం! 1820లో కడపకు వచ్చిన ఆ దొరకు తెలుగు చెవి లేదు. పండితుల్ని జీతానికి పెట్టుకున్నాడు, ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి పాఠాలు పోల్పించాడు. 1840లో తెలుగు వ్యాకరణం అచ్చేశాడు. మీకు ప్రతులు మోయించే ఖర్చు లేదు. స్పానిష్ అకాడమీ, 1713లో పుట్టినది, తన కార్పస్‌లను, అంటే వాడుకలోని వాక్యాల భండారాలను, అందరికీ ఉచితంగా ఇస్తోంది. ఈ శతాబ్దపు వాడుకకు కోర్పెస్, పాత భాషకు కోర్దె. 'ఈ క్రియ పక్కన సబ్‌జంక్టివ్ వస్తుందా' అనే సందేహానికి అందులోంచి పది వాక్యాలు ఏరి చూపిస్తే ఏ ప్రొఫెసరూ కాదనలేడు. స్పానిష్ మాట్లాడే దేశాల అకాడమీలన్నీ కలిసి 2009లో తెచ్చిన పెద్ద వ్యాకరణం జోలికి ముందే పోకండి, బరువుకే భయపడతారు. 2010లో దాన్నే కుదించి ఒక సంపుటంగా వేశారు, అది చాలు.

నామవాచకాల లింగం, ఆర్టికల్స్, ప్రిపొజిషన్లు: వీటిలో తెలుగు మీకు పైసా సాయం చేయదు. చెయ్యి స్త్రీలింగమై 'లా మానో' ఎందుకు, సమస్య పుంలింగమై 'ఎల్ ప్రోబ్లేమా' ఎందుకు అని తల బాదుకోవద్దు, క్రియను దాని ప్రిపొజిషన్‌తో, పేరును దాని ఆర్టికల్‌తో సహా నోట్‌బుక్‌లో రాసుకోవడమే. పోర్, పారా అనే రెండు ప్రిపొజిషన్ల దగ్గర మాత్రం చిన్న కిటుకు. 'నీ కోసం' అని తర్జుమా చేస్తే రెండూ కలిసిపోతాయి. 'నీకని తెచ్చినా' అనగలిగితే పారా. 'నీ మొహం చూసి ఒప్పుకున్నా' అనే అర్థమైతే పోర్.

ఉచ్చారణలో మనదే పైచేయి. త, ద, ప, క అన్నీ మన అక్షరాలే. 'వి' రాసి ఉన్నా బ అనండి. 'జె' అక్షరం పలికే ఖ మాత్రం మన ఖ కాదు, ఉర్దూలో ఖాన్ అనేటప్పటి ఖ. కడపలో పెరిగినవాళ్ళకు అది నేర్పాలా? 'ఒఖలా' అనే మాట ఉంది, 'అట్లా జరిగితే బాగుండు' అని. దాని వెనక ఎప్పుడూ సబ్‌జంక్టివే. స్పెయిన్‌లో అరబ్బుల కాలం నుంచి మిగిలిన మాట అది, అందులో ఉన్నది అల్లాయే. మన వీధుల్లో రోజూ వినబడే ఇన్షా అల్లాకు దాయాది అనుకోండి. పంట కాలువని 'అథేకియా' అంటారు, అదీ అరబ్బీ నుంచే. వలెన్సియాలో గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి చర్చి గుమ్మం ముందు ఆ కాలువల నీటి తగాదాలు తీర్చే కోర్టు కూర్చుంటుంది, కాగితం లేకుండా నోటిమాట మీదే. కె.సి. కెనాల్ నీళ్ళ కోసం మా తాత పడ్డ గొడవలు గుర్తొచ్చి మొదటిసారి అక్కడే నిలబడిపోయాను.

యూనివర్సిటీ గురించి రెండు ముక్కలు. ఫీజు కట్టకముందే ప్రతి పేపర్ 'గియా దొథెంతె' చదవండి. మార్కులు దేనికెన్ని, ఏ భాషలో పాఠం అన్నది అందులో ఉంటుంది. వలెన్సియా, బార్సిలోనా లాంటి చోట్ల పాఠం స్పానిష్‌లో కాకుండా అక్కడి ప్రాంతీయ భాషలో, వలెన్సియన్‌లోనో కాటలాన్‌లోనో, ఉండే గ్రూపులుంటాయి, చూసుకోకుండా చేరితే గోవిందా. ఆరు క్రెడిట్ల పేపర్ అంటే క్లాసుతో కలిపి 150 గంటల పనికి తక్కువ కాదు. ఏడు వస్తే దాన్ని 'నోతాబ్లె' అంటారు, మంచి మార్కే, ఇంటికి ఫోన్ చేసి ఏడవకండి. ప్రొఫెసర్‌ని పేరు పెట్టి 'తూ', అంటే 'నువ్వు' అని పిలవమంటారు. నాకు నోరు రావడానికి ఏడాది పట్టింది. ఇప్పటికీ మనసులో సార్ అనుకునే 'తూ' అంటాను.

కాగితాల సంగతి తేల్చేస్తాను. డిగ్రీలకు అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ముద్ర), ఆపైన అధికారిక అనువాదకులతో స్పానిష్‌లోకి ప్రమాణ అనువాదం ఇక్కడున్నప్పుడే మొదలుపెట్టండి. ఆరు నెలలకు మించి ఉండే వీసా అయితే దిగిన నెలలోపు విదేశీయుల కార్డుకు అప్లై చేయాలి. వాళ్ళకు రెండు ఇంటిపేర్లు ఉంటాయి, మనకు ఒకటే. నాకు ఒక ఆఫీసులో తండ్రి పేరుని రెండో ఇంటిపేరు గడిలో కొట్టేశారు, అది దిద్దించుకోవడానికి మూడుసార్లు తిరిగాను. పాస్‌పోర్టులో ఏముంటే అదే, అదే వరసలో, ప్రతిచోటా రాయండి.

చివరి రోజు పాప వచ్చినప్పుడు నేను ఇచ్చిన హోంవర్క్ చూపించింది. ఇంట్లో రోజంతా వాళ్ళమ్మ అన్న మాటలు రాసి, ఒక్కోదానికి ఎదురుగా స్పానిష్. నలభై వాక్యాలున్నాయి, అందులో పన్నెండు తిట్లు. దిద్దుతుంటే పడమటి దిక్కున మబ్బు పట్టింది. కింది నుంచి వాళ్ళమ్మ కేకేసింది: "పాపా, వాన పడకముందే ఒడియాలు ఎత్తండి!"

"ఆంతెస్ దె కె యుయెబె" అంది పాప లేస్తూ. నేను మాట్లాడలేదు. రెండడుగులు వేసి ఆగింది.

"పడకముందే... ఒరిగింది. యుయెబా, అత్తా. యుయెబా."

చీర అటు కొస తను, ఇటు కొస నేను పట్టుకున్నాం. సగం ఒడియాల మీద అప్పటికే చినుకులు పడ్డాయి.