పది రాత్రుల ఇటలీ: ఏ ఊళ్లు ఉంచుకోవాలి, ఏవి కొట్టేయాలి

మీరు అడిగింది ఇదీ: అక్టోబరులో ఇటలీలో పది రాత్రులు. చరిత్ర అంటే ఇష్టం, షాపింగ్ అక్కర్లేదు. వెంట మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు. జాబితాలో రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్, మిలాన్, పీసా, వెరోనా, సియెనా, నేపుల్స్, పాంపేయి ఉన్నాయి. వీటిలో ఏవి పెట్టుకోవాలి?

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. వెనిస్ రెండు రాత్రులు, రవెన్నా ఒకటి, ఫ్లోరెన్స్ మూడు, రోమ్ నాలుగు. సియెనాకి ఫ్లోరెన్స్ నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయండి. పాంపేయి బదులు దాని పక్కనున్న హెర్క్యులేనియంకి రోమ్ నుంచి అలాగే వెళ్లి రండి, నేపుల్స్‌లో మ్యూజియం ఆ దారిలోనే చూసేయొచ్చు. మిలాన్, పీసా, వెరోనా కొట్టేయండి. రవెన్నా మీ జాబితాలో లేదు, నేనే కలిపాను.

హోటల్ మారిన ప్రతిసారీ సగం రోజు పోయినట్టే. రైలు ప్రయాణం గంటన్నరే కావచ్చు. కానీ పదింటికి గది ఖాళీ చేసి, స్టేషన్‌కి చేరి, దిగాక కొత్త హోటల్ వెతుక్కుని, గది ఇంకా సిద్ధం కాలేదంటే సామాను అక్కడ పడేసి, ఏదో తిని బయటపడేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది. వేసవిలో అయితే ఇంకా ఆరేడు గంటల వెలుగు మిగిలేది. అక్టోబరులో ఆరుబయట శిథిలాలు పొద్దు గుంకే వేళకి అటూ ఇటుగా మూసేస్తారు, లోపలికి పంపడం మూసే వేళకి గంటా గంటన్నర ముందే ఆపేస్తారు. నెలాఖరు ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పాక ఇంకా తొందర. అందుకే పది రాత్రులకి నాలుగు బసలే గరిష్ఠం అంటాను. అమ్మగారి మోకాళ్లు చూసుకుంటే మూడైనా తప్పులేదు, అప్పుడు రవెన్నా రాత్రిని ఫ్లోరెన్స్‌కి ఇచ్చేయండి.

ఇక ఎంపిక. ఇటలీలో చరిత్ర లేని ఊరంటూ ఉండదు కాబట్టి చారిత్రక నగరమా కాదా అని చూస్తే ఎప్పటికీ తెమలదు. ఒక్కో కాలానికి ఒక్కో ఊరు పెట్టుకోండి. ఒకే కాలానికి రెండు ఊళ్లొస్తే బలమైనది ఉంచి రెండోది తీసేయండి. చక్రవర్తుల కాలానికి రోమ్. ఆ రోజుల్లో మామూలు జనం ఇళ్లూ వాకిళ్లూ ఎలా ఉండేవో తెలియడానికి వెసూవియస్ అగ్నిపర్వతం కింది ఊళ్లు, అంటే పాంపేయి, హెర్క్యులేనియం. పశ్చిమ రోమన్ సామ్రాజ్యం కూలే రోజులకీ ఆ తర్వాతి బైజాంటైన్, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్య, కాలానికీ రవెన్నా. మధ్యయుగపు నగర రాజ్యానికి సియెనా, పునరుజ్జీవన కాలానికి ఫ్లోరెన్స్, ఓడ వ్యాపారంతో పెరిగిన రాజ్యానికి వెనిస్.

ఈ లెక్కలో వెరోనా పడిపోతుంది. అక్కడి రోమన్ అరీనా గట్టిగానే నిలిచింది, కానీ వారంలో కొలోసియం చూడబోయేవాళ్లకి దానికోసం దారి మళ్లక్కర్లేదు. పీసాలో వాలు గోపురం ఉన్న ఆ ఒక్క మైదానం అద్భుతం, అది చూశాక మధ్యాహ్నానికల్లా పని అయిపోతుంది. ఫ్లోరెన్స్ నుంచి రైలుకి సుమారు గంట చొప్పున రానూపోనూ కలిపితే ఆ రోజు పోయినట్టే, అదే రోజు సియెనాకి ఇస్తే ఊరు ఊరంతా దక్కుతుంది. మిలాన్‌కి చరిత్ర ఇష్టపడేవాళ్లు వెళ్లేది చాలావరకు లియొనార్డో గీసిన 'చివరి విందు' కోసం. దానికి చిన్న బృందంగా పంపి పదిహేను నిమిషాలే ఉండనిస్తారు. సోమవారం సెలవు. టికెట్లు చాలా ముందే అయిపోతాయి. ఆ టికెట్ చేతిలో పడ్డాకే మిలాన్ గురించి ఆలోచించండి.

రవెన్నా ఎందుకంటే, దీన్ని వదిలేస్తే రోమ్ కూలడానికీ ఫ్లోరెన్స్ లేవడానికీ మధ్య వందల ఏళ్లు ఖాళీగా మిగులుతాయి. 402లో హోనోరియస్ చక్రవర్తి రాజధానిని మిలాన్ నుంచి ఇక్కడికి మార్చాడు. చుట్టూ చిత్తడి నేలలు, పక్కన రేవు ఉండటంతో శత్రువుకి అంత సులువుగా చిక్కేది కాదు. తర్వాత ఆస్ట్రోగోత్ తెగ రాజు థియోడొరిక్ ఏలాడు, 540లో బైజాంటైన్ చక్రవర్తి జస్టీనియన్ సేనలు పట్టుకున్నాయి. ఈ చేతులు మారడం గోడ మీదే కనిపిస్తుంది. సాంత్ అపోలినారె నువొవో చర్చిలో కుడి గోడ మీద, గుమ్మానికి దగ్గరగా, థియోడొరిక్ రాజభవనం మొజాయిక్, అంటే రంగు ముక్కలు పొదిగి చేసిన బొమ్మ, ఉంది. స్తంభాల మధ్య ఒకప్పుడు మనుషుల బొమ్మలుండేవి. పాలన మారాక వాటిని పెరికేసి తెల్లటి తెరలు పొదిగారు. స్తంభాల మీదికి వచ్చిన చేతుల్ని మాత్రం వదిలేశారు. దూరం నుంచి తెరలే కనిపిస్తాయి. ఫోన్ కెమెరాలో దగ్గరికి లాక్కుని చూస్తే స్తంభాన్ని అంటిపెట్టుకున్న అరచేయి, దానికి మనిషి లేడు. చాలామంది ఊరేగింపు బొమ్మలు చూసుకుంటూ ముందుకి వెళ్లిపోతారు.

547లో ప్రతిష్ఠ చేసిన సాన్ వితాలే చర్చి, హోనోరియస్ సవతి చెల్లెలు గాలా ప్లాసిడియా పేరు మీది సమాధి మందిరం పక్కపక్కనే ఉంటాయి. సమాధి మందిరం చాలా చిన్నది, ఐదు నిమిషాలే ఉండనిస్తారు, దానికి వేళ ముందే బుక్ చేసుకోవాలి. లోపల మసక చీకటి. వెళ్లగానే ఫోటోలకి దిగకుండా ఒక నిమిషం కళ్లు అలవాటు పడనివ్వండి, ముదురు నీలం కప్పు మీది బంగారు చుక్కలు అప్పుడు తేలతాయి. ఊరు చదునుగా ఉంటుంది, నడిచే దూరాలు తక్కువ. ఈ యాత్ర మొత్తంలో అమ్మగారికి సుఖంగా ఉండే ఊరు ఇదే. వెనిస్ నుంచి ఫెరారాలో గానీ బొలోన్యాలో గానీ రైలు మారితే సుమారు మూడు గంటలు. ఇక్కడి నుంచి ఫ్లోరెన్స్‌కి బొలోన్యా మీదుగా వెళ్లాలి: బొలోన్యా దాకా గంట పైచిలుకు, అక్కడి నుంచి హైస్పీడ్ రైల్లో నలభై నిమిషాలు.

వెనిస్‌లో దిగి రోమ్ నుంచి తిరుగు విమానం ఎక్కేలా ఒకే బుకింగ్‌లో టికెట్ తీసుకోండి. దిగిన ఊరికే మళ్లీ వెనక్కి రావాలంటే సగం రోజూ రైలు ఖర్చూ దండగ. వెనిస్ ముందు పెట్టడానికి ఇంకో కారణం, అక్కడ సముద్రపు పోటుకి ఊళ్లోకి నీళ్లొచ్చే కాలం శరదృతువులోనే మొదలై ముందుకి వెళ్లేకొద్దీ ముదురుతుంది. 2020 నుంచి మోసే (MOSE) అనే సముద్రపు అడ్డుగోడలు పెద్ద పోటుని ఆపుతున్నాయి గానీ చిన్న పోటుకి వాటిని లేపరు, సాన్ మార్కో మైదానం ఊళ్లోకెల్లా పల్లం కాబట్టి అక్కడ నీళ్లు చేరతాయి. కొన్ని గంటల్లో దిగిపోతాయి. ఆ పూట వేరే పేటకి వెళ్లి వస్తే సరి.

వెనిస్‌లో ఎక్కువమంది పడే చిక్కు హోటల్ దగ్గరే. మెస్త్రె స్టేషన్ ప్రధాన భూమి మీద ఉంది, ద్వీపం మీది స్టేషన్ సాంతా లుచియా. మెస్త్రెలో గది చవక, కానీ పగటి జనం వెళ్లిపోయాక సాయంత్రమూ, వాళ్లు రాకముందు పొద్దున్నా ఉన్న వెనిస్ మీకు దక్కదు. రెండు రాత్రులే కదా, ద్వీపంలోనే ఉండండి. నాలుగు వందల పైచిలుకు వంతెనలు, దాదాపు అన్నిటికీ మెట్లే. గది బుక్ చేసేముందు పటంలో వాపొరెత్తో, అంటే నీటి బస్సు, ఆగే చోటు నుంచి హోటల్ దాకా వేలు పెట్టి నడిపించి చూడండి, మధ్యలో కాలవ తగిలితే ఆ హోటల్ వద్దు. 75 నిమిషాల వాపొరెత్తో టికెట్ 9.50 యూరోలు, 48 గంటల పాస్ 35 (కాస్త అటూ ఇటూ మారొచ్చు). రోజుకి రెండు మూడు సార్లు ఎక్కుతారు కాబట్టి మీకు పాసే లాభం. పైనుంచి ఊరు చూడాలంటే సాన్ మార్కో గంటల గోపురానికి లిఫ్టు ఉంది. అసలు గోపురం 1902లో కూలింది, ఇప్పుడున్నది 1912లో పూర్తయినది. పగలు మాత్రం వచ్చిపోయేవాళ్ల మీద 2024 నుంచి కొన్ని ప్రకటించిన రోజుల్లో ప్రవేశ రుసుం వేస్తున్నారు. రాత్రి బస చేసేవాళ్లు అది కట్టక్కర్లేదు.

ఊళ్ల వరస కుదిరాక ఏ రోజు ఏది సెలవో సరిచూసుకోవాలి. యాత్ర చెడేది ఎక్కువగా ఇక్కడే. ఫ్లోరెన్స్‌లో ఉఫీజీ చిత్రశాల, మైకెలాంజెలో దావీదు విగ్రహమున్న అకాదెమియా రెండిటికీ సోమవారం సెలవు. రోమ్‌లో బోర్గేసె గ్యాలరీకీ అంతే. వాటికన్ మ్యూజియంలకి ఆదివారం సెలవు. నెల చివరి ఆదివారం ఉచితంగా తెరుస్తారు గానీ ఆ క్యూ మోకాళ్లు బాగున్నవాళ్లకే కష్టం. నేపుల్స్ పురావస్తు మ్యూజియంకి మంగళవారం. నెల మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియంలు, కొలోసియం, పాంపేయి అన్నీ ఉచితం. చవక కదా అని ఆ రోజు పెట్టుకోవద్దు, జనం తప్ప ఏమీ కనపడదు.

శుక్రవారం వెనిస్‌లో దిగితే ఇవన్నీ చక్కగా తప్పుకుంటాయి. శుక్ర, శని రాత్రులు వెనిస్. ఆదివారం మధ్యాహ్నానికి రవెన్నా. సోమవారం పొద్దున రవెన్నాలో మిగిలినవి చూసి సాయంత్రానికి ఫ్లోరెన్స్, అక్కడ ఎలాగూ మ్యూజియంలు మూసే ఉంటాయి. మంగళవారం ఉఫీజీ, అకాదెమియా. బుధవారం సియెనా. గురువారం రోమ్ చేరి పాతకాలపు గుడి పాంథియన్ వైపు నడక, శుక్రవారం కొలోసియం, పాత రోమ్ నడిబొడ్డు శిథిలాలైన ఫోరమ్, శనివారం వాటికన్, ఆదివారం హెర్క్యులేనియం, నేపుల్స్ మ్యూజియం. సోమవారం విమానం. ఆ రోమ్ ఆదివారం నెలలో మొదటిది పడకుండా చూసుకోండి, పడితే యాత్రనే ఒక వారం అటో ఇటో జరపండి.

సియెనాకి రైలు కంటే బస్సు నయం. వేగంగా వెళ్లే బస్సు గంటా పావులో ఊరి పైభాగంలో దింపుతుంది. రైలు స్టేషన్ కొండ కింద ఉంది, ఎస్కలేటర్లు ఉన్నాయనుకోండి, అయినా దూరం. కెథడ్రల్ పక్కన పైకప్పు లేకుండా నిలిచిన పెద్ద గోడ ఒకటి చూస్తారు. ఉన్న కెథడ్రల్‌ని ఇంకా చాలా పెద్దది చేయాలని మొదలుపెట్టారు, 1348 ప్లేగుతో ఆగిపోయింది. ఆ ఊరు మళ్లీ అంత డబ్బు చూడలేదు, మధ్యయుగపు వీధులు అలాగే మిగలడానికి అదీ ఒక కారణం. కెథడ్రల్ నేల మీది పాలరాతి చిత్రాలు ఏడాదిలో కొద్ది నెలలే తెరిచి ఉంచుతారు, మామూలుగా అక్టోబరు మధ్య దాకా. మీ తేదీలు నెల మొదట్లో ఉంటే అదొక లాభం.

ఫ్లోరెన్స్ కెథడ్రల్ గుమ్మటం ఎక్కడం మాత్రం అమ్మగారితో వద్దు. 463 మెట్లు, లిఫ్టు లేదు, ఇరుకు దారి, మధ్యలో వెనక్కి తిరిగి రావడం కుదరదు.

పాంపేయి కంటే హెర్క్యులేనియం ఎందుకంటే విస్తీర్ణం. రెండూ క్రీ.శ. 79లో వెసూవియస్ ఒకే విస్ఫోటంలో పోయాయి. పాంపేయిలో నీడ తక్కువ, బాటలో ఎత్తుపల్లాల పెద్ద రాళ్లు, సగం చూసేసరికి కాళ్లు పట్టేస్తాయి. ఇప్పుడు రోజుకి 20,000 మందినే పంపుతున్నారు, టికెట్ మీద పేరుంటుంది. హెర్క్యులేనియం రెండు మూడు గంటల్లో అయిపోతుంది. దాన్ని ముంచిన వేడి బూడిద కట్టెని బొగ్గుగా మార్చి నిలబెట్టింది కాబట్టి పై అంతస్తులు, దూలాలు, చెక్క తలుపులు కూడా మిగిలాయి. రోమ్ నుంచి నేపుల్స్‌కి హైస్పీడ్ రైలు గంటా పది నిమిషాలు, నేపుల్స్ స్టేషన్ కిందనే గారిబాల్ది స్టేషన్‌లో చిర్కుంవెసువియానా లోకల్ రైలు పట్టుకుంటే ఇరవై నిమిషాల్లో హెర్క్యులేనియం స్టేషన్ ఎర్కొలానో స్కావి. స్టేషన్ నుంచి శిథిలాలకి దిగుడు, తిరిగొచ్చేటప్పుడు ఎగుడు. అమ్మగారికి ఆ ఎక్కడం దగ్గర టాక్సీ మాట్లాడండి. ఆ రైల్లో జేబులు జాగ్రత్త. అంత దూరం వద్దనుకుంటే రోమ్ పక్కనే పాత రోమన్ రేవు ఊరి శిథిలాలు, ఓస్తియా అంతికా, ఉంది, అరగంట రైలు, సిటీ టికెట్టే చాలు. ఇదీ సోమవారం మూసేస్తారు.

టికెట్లు కొనే వరస: విమానం, తర్వాత హోటళ్లు, తర్వాత వేళలు పెట్టి అమ్మేవి, ఆఖరున రైళ్లు. కొలోసియం టికెట్లు అధికారిక సైట్‌లో 30 రోజుల ముందు తెరుచుకుంటాయి, పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే పడాలి, గేటు దగ్గర సరిచూస్తారు. అక్కడ దొరకలేదని అదే టికెట్‌ని రెట్టింపుకి అమ్మే సైట్ల మీద పడేముందు మరో రోజు, మరో వేళ ప్రయత్నించండి. కొలోసియం పై అంతస్తుకి లిఫ్టు ఉంది. ఫోరమ్‌లో మాత్రం నల్లరాతి బాట ఎగుడుదిగుడు, మెత్తటి మందపు అడుగున్న బూట్లు తప్పనిసరి. రైళ్లు ఆఖరున అన్నానని మరీ ఆలస్యం చేయొద్దు, హైస్పీడ్ రైళ్లలో చవక టికెట్లు ముందే అయిపోతాయి, అవి మార్చుకోవడానికి వీలుండదు.

రవెన్నా వైపు వెళ్లే ప్రాంతీయ రైళ్ల టికెట్లకి వేరే పద్ధతి. కాగితం టికెట్‌ని ఎక్కేముందు ప్లాట్‌ఫాం దగ్గరి యంత్రంలో పెట్టి ముద్ర వేయించాలి. ఫోన్‌లో కొన్న ప్రాంతీయ టికెట్‌కి రైలెక్కే వేళకి చెక్ ఇన్ అని ఒక మీట వస్తుంది, అది నొక్కాలి. ఇది మర్చిపోతే డబ్బు కట్టి కొన్న టికెట్ చేతిలో ఉన్నా జరిమానా వేస్తారు.