తిథి చూసి తీరానికి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సంక్రాంతి సెలవులకు విశాఖ–భీమిలి దారిలో సముద్రం ఒడ్డున కాటేజీ తీసుకున్నాం. మూడు రోజులు ఉంటాం. పిల్లలకు ఎనిమిదేళ్లు, పదకొండేళ్లు. ఈత కాకుండా ఆరుబయట ఏం చేయించవచ్చు? (ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ముందు మీరు వెళ్లే రోజుల తిథులు చూసుకోండి. పౌర్ణమికీ అమావాస్యకీ ఆ తీరంలో ఉదయం తొమ్మిది ప్రాంతాల్లో పోటు నిండుగా ఉంటుంది, మధ్యాహ్నం మూడు ప్రాంతాల్లో నీరు బాగా తీస్తుంది. ఆ తర్వాత ఒక్కో రోజూ ముప్పావు గంట అటూ ఇటూగా ఆలస్యమవుతుంది. పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో పోటుకీ ఆటుకీ తేడా నాలుగడుగులు దాటుతుంది. అష్టమి ప్రాంతాల్లో రెండడుగులే, అప్పుడు రాళ్లు పెద్దగా బయటపడవు. కచ్చితమైన వేళలు సముద్ర సమాచారం అందించే హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ వెబ్‌సైటులో దొరుకుతాయి.

నీరు తీసే ఆ వేళ పిల్లల్ని గదిలో ఉంచకండి. తొట్లకొండ కింది ఒడ్డునా, మంగమారిపేట దగ్గరా రాళ్ల గుంటల్లో సముద్రం కొంచెం మిగిలిపోతుంది. మీ నీడ నీళ్లమీద పడకుండా కూర్చుని, రెండు నిమిషాలు కదలకుండా చూడమనండి. గులకరాయి అనుకున్నది నడక మొదలుపెడుతుంది. నత్తగుల్లలో కాపురముండే పీత అది. సీ అనిమోన్లనే మెత్తటి సముద్ర జీవులు పువ్వుల్లా రేకులు విప్పుతాయి. వాటిని ముట్టుకోనివ్వద్దు, కొన్ని తగిలితే చర్మం మండుతుంది. రాయి తిప్పి చూస్తే మళ్లీ అలాగే బోర్లించాలి, లేకపోతే దాని కింద బతికేవి ఎండకు చచ్చిపోతాయి.

హవాయి చెప్పులు వద్దు. పచ్చటి నాచు మీద జారతాయి, రాళ్లకు అంటుకున్న ఆల్చిప్పలు కత్తుల్లా కోస్తాయి. వెనక పట్టీ ఉన్న రబ్బరు అడుగు చెప్పులు కావాలి. ఆటు వేళకు గంట ముందు చేరి, నీరు తిరగ్గానే బయల్దేరండి. పోటు ఎదురుగా మాత్రమే రాదు. మీకూ ఒడ్డుకూ మధ్య ఉన్న పల్లాలు ముందే నిండిపోతాయి.

ప్రశ్న: అలలు లేని చోట చూసి దిగితే ప్రమాదం ఉండదు కదా?

జవాబు: అన్నిటికన్నా ప్రమాదం అక్కడే ఉండొచ్చు. అలలు ఒడ్డుకు తోసిన నీరంతా తిరిగి వెళ్లడానికి ఇసుకలో ఒక లోతైన సందు చేసుకుంటుంది. లోతుగా ఉంటుంది కనుక అక్కడ అల విరగదు, నురగ కనిపించదు. రెండు పక్కలా తెల్లగా నురగ, మధ్యలో ఇసుక రంగు నీటి దారి కనిపిస్తే అదే. కొట్టుకుపోతున్నప్పుడు ఒడ్డువైపు ఎదురీదితే ఒంట్లో సత్తువ అయిపోతుంది, మునిగేవాళ్లు అలాగే మునుగుతారు. వెల్లకిలా తేలుతూ చెయ్యి పైకెత్తి పిలవాలి. ఈత వచ్చినవాళ్లు ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, నురగ ఉన్న చోటు మీదుగా ఒడ్డుకు రావాలి. లైఫ్‌గార్డులు లేని చోట మోకాలి లోతు దాటొద్దు.

ప్రశ్న: పోటు వేళల్లో ఎటు వెళ్లాలి?

జవాబు: ఉదయం ఎర్రమట్టి దిబ్బలు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014లో భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటిది. వేల ఏళ్లుగా పేరుకున్న ఇసుకకు ఇనుముతో ఆ ఎరుపు వచ్చింది, వాననీరు దాన్ని కోసి లోయలు చేసింది. అది రాయి కాదు, గట్టిపడిన ఇసుక. అంచు మీద నిలబడి ఫొటో తీసుకుంటే కాళ్ల కింద విరిగిపడుతుంది. లోయ అడుగునే నడవండి, మట్టి సంచిలో వేసుకు రావద్దు.

తొట్లకొండ మీది బౌద్ధ స్థలానికి సాయంత్రం వెళ్లండి. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు. భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోటూ, పాత డచ్చివారి సమాధులూ ఒక పూటకు సరిపోతాయి.

ప్రశ్న: తాబేళ్లు కనిపిస్తాయా?

జవాబు: ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేది ముఖ్యంగా జనవరి నుంచి మార్చి వరకు, అదీ రాత్రిపూట. కనిపిస్తే దూరంగా, వెనక వైపు ఉండండి. టార్చి, ఫ్లాష్ పడితే గుడ్లు పెట్టకుండానే సముద్రంలోకి తిరిగిపోవచ్చు. కాటేజీలో సముద్రం వైపు దీపాలు ఆర్పేయండి. గుడ్ల నుంచి తాబేలు పిల్లలు బయటికి రావడానికి ఏడు వారాల పైనే పడుతుంది, కాబట్టి వాటిని సముద్రంలోకి వదలడం చూడాలంటే ఫిబ్రవరి ఆఖరు తర్వాత రావాలి. ఏ రోజు వదులుతారో అటవీశాఖవారిని అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: మా బాబు కట్టే ఇసుక కోట ఎప్పుడూ కూలిపోతోంది.

జవాబు: ఎనిమిది గ్లాసుల పొడి ఇసుకకు ఒక గ్లాసు నీళ్లు చాలు. రేణువుల మధ్య సన్నటి నీటిపొరే వాటిని పట్టి ఉంచుతుంది, నీళ్లెక్కువైతే ఆ పట్టు పోయి జారిపోతుంది. బకెట్లో కొద్దికొద్దిగా వేసి, ప్రతిసారీ గట్టిగా దిమ్మించమనండి. కోట కట్టేది ఉదయపు పోటు వదిలివెళ్లిన తడిగీతకు పైన.