నల్గొండలో ఉండి మాలి జిహాదీ సంస్థల మీద పరిశోధన చేయవచ్చా?

పశ్చిమాఫ్రికా దేశమైన మాలికి వెళ్ళే వీలు లేదు, ఫ్రెంచి రాదు, ఇంట్లో భయపడుతున్నారు, అయినా నల్గొండలోనే ఉండి అక్కడి జిహాదీ సంస్థల మీద పిహెచ్‌డి చేయగలనా అని అడిగారు. చేయగలరు. నేను చేస్తున్నాను. ఇది నాలుగో ఏడు.

మొదటి ఏడాది మాత్రం వృథా చేసుకున్నాను. ఏ సంస్థ ఎప్పుడు చీలింది, ఎవరు ఎవరికి విధేయత ప్రకటించారు అని పట్టికలు గీస్తూ కూర్చున్నాను. 2017 మార్చిలో నాలుగు సంస్థలు కలిసి ఇయాద్ అగ్ ఘాలీ నాయకత్వంలో అల్ ఖైదా అనుబంధ కూటమి జేఎన్‌ఐఎం ఏర్పడిందని చెప్పగలను. అది పల్లెల్లోకి ఎలా పాకిందంటే నోరు పెగిలేది కాదు.

దారి చూపింది దేవరకొండ దగ్గర గొర్రెలు కాసే మా మేనమామ. ఎండాకాలం మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు వెళ్తాడు. నా చదువు సంగతి అంతా విని, "అక్కడ మేతకు పుల్లరి ఎవరు తీసుకుంటారురా?" అన్నాడు. నాకు తెలియదు. ఆ రాత్రే వెతకడం మొదలుపెట్టాను. మధ్య మాలిలో నైజర్ నది వరద ముంచే నేలల్లో బుర్గు అనే గడ్డి పెరుగుతుంది. ఆ మేతభూముల మీద పెత్తనం జోవ్రోలనే వంశపారంపర్య పెద్దలది. వాళ్ళు అడిగే రుసుము పేద కాపర్లకు మోయలేని బరువైంది. జేఎన్‌ఐఎంలో కలిసిన నాలుగు సంస్థల్లో ఒకటైన కతిబా మసీనా నాయకుడు అమదు కూఫా మాటలు ఆ కాపర్ల చెవికెక్కడానికి మతం ఒక్కటే కారణం కాదు, ఈ పుల్లరి కూడా. అలాగని కూఫా మనుషులను పేదల పక్షమని రాయకండి. పల్లెలను తుపాకితో లొంగదీసి, బడులు మూయించిందీ వాళ్ళే. ఈ రెండూ ఒకే అధ్యాయంలో ఉండాలి.

ఇక మన దగ్గరి వనరు. హుజూర్‌నగర్, మట్టపల్లి, వాడపల్లి సిమెంటు ఫ్యాక్టరీల్లో పని నేర్చినవారు ఆఫ్రికా ఫ్యాక్టరీలకు వెళ్తుంటారు. అలా మాలి నుంచి తిరిగివచ్చిన ఒక పెద్దాయనను ఉగ్రవాదుల గురించి అడిగితే, "మేం ఎవరినీ చూడలేదు బాబూ" అని ముగించాడు. మరోసారి వెళ్ళి డీజిల్ లారీలు ఏ రోజుల్లో వచ్చేవి, చీకటి పడ్డాక ఏ రోడ్డు మీదికి పోవద్దనేవారు అని అడిగాను. రెండు గంటలు చెప్పాడు. 2025 సెప్టెంబరులో మాలి రాజధాని బమాకోకు వచ్చే ఇంధన లారీలను జేఎన్‌ఐఎం అడ్డుకోవడం మొదలుపెట్టినప్పుడు ఆయన మాటల విలువ తెలిసింది. మాలికి సముద్రతీరం లేదు. ఇంధనం సెనెగల్, ఐవరీ కోస్ట్ వైపు నుంచి రోడ్డు మీద రావలసిందే. ఇంధనం కరువై ఆ అక్టోబరు చివర దేశమంతటా బడులకు సెలవు ప్రకటించారు. ప్రాంతీయ భద్రత అనే పెద్ద మాటకు నాకు దొరికిన అర్థం ఆ రోడ్లే.

సాయుధ ఘర్షణల లెక్కలు సేకరించే ఆక్లెడ్ వంటి పరిశోధన సంస్థలు దాడులను నమోదు చేస్తాయి, తప్పక వాడండి. అయితే దాడి లేని ఊరు ప్రశాంతంగా ఉందా, లొంగిపోయి ఉందా అన్నది ఆ లెక్కల్లో కనిపించదు.

ఒక్క విషయంలో గట్టిగా చెబుతాను. 2025 జూలై 1న పశ్చిమ మాలిలోని కాయెస్‌లో ఉన్న సిమెంటు ఫ్యాక్టరీ నుంచి ముగ్గురు భారతీయులను ఎత్తుకుపోయారు. అలాంటి కష్టంలో ఉన్న ఏ కుటుంబం గడపా పరిశోధన పేరుతో తొక్కకండి. తిరిగివచ్చినవారి పేర్లు, ఊర్లు, కంపెనీలు మీ నోటుపుస్తకంలో కూడా రాయకండి. జిహాదీ సంస్థల ప్రచార వీడియోలు దాచుకోకండి, వాళ్ళ గ్రూపుల్లో చేరకండి. ఏం చదువుతున్నారో మీ పర్యవేక్షకులకు ముందే రాతపూర్వకంగా తెలియజేయండి. ఇంట్లో వాళ్ళకు ఆ కాగితం చూపించండి, మా అమ్మ భయం సగం దానితోనే తగ్గింది.

ఫ్రెంచి గురించి దిగులు వద్దు. మాట్లాడనక్కర లేదు, చదవడం వస్తే చాలు. రోజూ తెల్లవారుజామున ఒక గంట కూర్చుంటే నాకు ఏడాదిన్నర పట్టింది.