ట్రాక్టర్ లోడు పడగానే ఆగిపోతోంది, డీజిల్‌లో నీళ్లు చేరాయేమో ఎలా తెలుసుకోవాలి?

కొన్నాళ్లు షెడ్లో ఉంచిన బండి స్టార్టయి, లోడు పడగానే జర్కులిస్తోందంటే ముందు నీళ్లనే అనుమానించాలి. ఇంజిన్‌కు డీజిల్ పంపే పంపు విప్పించేలోపు ఈ పని చేయండి. డీజిల్ ఫిల్టర్ కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, గాజు సీసాలోకి కాస్త డీజిల్ పట్టి, అరగంట కదపకుండా ఉంచండి. నీళ్లు డీజిల్ కన్నా బరువు కాబట్టి అడుగున విడిగా తేరుకుంటాయి. రెండు పొరల మధ్య నల్లటి జిగురు కనిపిస్తే అది సూక్ష్మజీవుల పాచి. అప్పుడు ఫిల్టర్ ఎన్నిసార్లు మార్చినా మళ్లీ మూసుకుపోతుంది, ట్యాంకు కడిగించాల్సిందే. డ్రెయిన్ చేశాక ఎయిర్ తీయడం, అంటే డీజిల్ పైపుల్లో చేరిన గాలిని బయటికి వదలడం, మరవొద్దు.

సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో, రాత్రి చల్లబడ్డ గాలిలోని తేమ నీరవుతుంది. అందుకే సాయంత్రమే నింపిపెట్టడం మేలు. డబ్బాల్లో తెచ్చి పోసేవాళ్లు అడుగు డీజిల్ వంచకండి. పెట్రోలు కలిపితే సరిపోతుందన్న సలహా మాత్రం వినకండి, పంపు అరిగిపోతుంది.