జిగురు లేకుండా బిగించే రాక్‌మ్యాన్ కిట్: పదేళ్ల పిల్లాడు చేయగలడా?

మీరు అడిగినవి మూడు: జిగురు లేకుండా నిలుస్తుందా, రంగు వేయకపోతే బోసిగా ఉంటుందా, పదేళ్ల మీ అబ్బాయి చేయగలడా. నిరుడు ఎండాకాలం సెలవుల్లో నల్గొండలో మా ఇంట్లో నేనూ మా పాపా కోటోబుకియా అనే జపాన్ కంపెనీ వాళ్ల రాక్‌మ్యాన్ కిట్ చేశాం. రాక్‌మ్యాన్ అంటే ఒక వీడియో గేమ్ హీరో, ముక్కలు బిగించి అతని బొమ్మ తయారుచేయాలి. ఆ అనుభవంతో చెప్తున్నాను.

జిగురు అక్కర్లేదు. ఒక ముక్కకు పుల్ల, ఇంకో ముక్కకు రంధ్రం ఉంటాయి, నొక్కితే టక్కున కూర్చుంటుంది. అసలు తంటా అతికించడంలో కాదు, కోయడంలో. ముక్కలన్నీ రన్నర్ అనే ప్లాస్టిక్ ఫ్రేముకు, చెట్టుకు కాయలున్నట్టు, సన్నటి కాడలతో అంటుకుని వస్తాయి. నేను తొందరపడి గోళ్ల కట్టర్‌తో కాడను మొదట్లోకే కోసేశాను. రాక్‌మ్యాన్ మోచేతి మీద గుంట పడింది, చుట్టూ తెల్లమచ్చ. నీలం ప్లాస్టిక్ మీద ఆ తెలుపు ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది.

తర్వాత గడియారం సెంటర్ దగ్గర సెల్‌ఫోన్ రిపేర్ చేసే తెలిసినాయన దగ్గర చిన్న నిప్పర్, అంటే వైర్లు కోసే కటింగ్ ప్లయర్ లాంటిది, అడిగి తెచ్చుకున్నాను. దాంతో రెండు కోతలు కోయాలి. మొదటిది ముక్కకు కాస్త దూరంగా, ఫ్రేము వైపు. ముక్క విడిగా చేతికొచ్చాక మిగిలిన మొటికను రెండో కోతలో తీయాలి, అదీ వెంట్రుకవాసి మిగిల్చి. ఆ మిగిలింది వాటర్ పేపర్‌తో పోతుంది. కార్లకు రంగులేసేవాళ్లు వాడే కాగితమే, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. 400 నంబరు కాగితంతో మొదలుపెట్టి 800, ఆపైన 1000, నంబరు పెరిగేకొద్దీ నునుపు. అప్పటికీ కొంచెం తెల్లగా ఉంటే గోటితో గట్టిగా రుద్దండి, చాలావరకు కలిసిపోతుంది. ఆ గుంట మాత్రం అలాగే ఉంది, ఆ చేతిని గోడవైపు తిప్పి పెట్టాను.

కోసేటప్పుడు ముక్క ఎగురుతుంది, దానికి సిద్ధంగా ఉండండి. పక్కనే మా అమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. టప్పున ఒకటి ఎగిరింది. మంచం కింద, కూలర్ వెనక వెతికి వెతికి విసిగిపోయాం. కాసేపటికి అమ్మ "గీ రాయి నీలంగ ఉందేందిరా?" అంటూ రెండు వేళ్లతో పైకెత్తి చూపించింది. అప్పటి నుంచి చిన్న ముక్కలను పెద్ద పాలిథిన్ కవరులో చేతులు పెట్టి కోశాం.

రంగు సంగతి. ప్లాస్టిక్కే రంగులో పోసి ఉంటుంది, లేత నీలం, ముదురు నీలం విడివిడిగా వస్తాయి. ముఖాల మీద కళ్లు ముందే ముద్రించి ఉంటాయి. కాబట్టి బ్రష్షు లేకుండానే ఆటలో ఉన్నట్టు కనిపిస్తుంది. 1987లో వచ్చిన ఆ మొదటి ఆటలో అతన్ని నీలంగా చేయడానికి కారణం ఫామికామ్ అనే అప్పటి నింటెండో గేమ్ మెషీన్ చూపించగల రంగుల్లో నీలం ఛాయలు ఎక్కువగా ఉండటమేనని చెప్తారు. మన చిన్నప్పటి పసుపు క్యాసెట్లలో మెగామ్యాన్ అని పేరు కనిపిస్తే, అది కూడా ఇతనే. జపాన్‌లో రాక్‌మ్యాన్, బయట మెగామ్యాన్.

ఇక మీ అబ్బాయి. సూచనల కాగితం జపనీస్‌లో ఉన్నా కంగారు పడకండి. ప్రతి బొమ్మ పక్కన ఎ7, బి12 అని ఉంటుంది, అక్షరం ఫ్రేముది, అంకె ముక్కది. మా పాప రెండో పేజీ నుంచి నన్ను అడగడం మానేసింది. కోత మీరు చేయండి, బిగించడం వాడికి వదిలేయండి. కాకపోతే రెండు మాటలు చెప్పి ఉంచండి. ముందు సగం వరకే నొక్కి, బొమ్మతో సరిచూసుకుని, అప్పుడు పూర్తిగా బిగించాలి. రెండోది, కుడి ముంజేయి, ఎడమ ముంజేయి దాదాపు ఒకేలా ఉంటాయి. మేం ఆ రెండూ తారుమారు చేసేశాం. మళ్లీ విడదీయడానికి చాకు పెట్టబోయాను, అంచు చెక్కుకుపోయేలా అనిపించి ఆగిపోయాను. పాత ఏటీఎం కార్డు మూల సందులో దూర్చి మెల్లగా తిప్పితే ఊడి వచ్చింది.

ఒకవేళ పుల్ల మరీ బిగుతుగా ఉండి దిగకపోతే సుత్తి జోలికి పోకండి, పుల్ల కొసను కొంచెం ఏటవాలుగా కోయండి చాలు. మా కిట్‌కు నాలుగు సాయంత్రాలు పట్టింది, అందులో ఒకటి కరెంటు పోయి వృథా అయింది.